రాతి పురాణం రామనర్సయ్య

రాష్ట్ర గనుల శాఖ డైరెక్టర్ రామనర్సయ్యకు రాయి కనిపిస్తే నోరు ఆగదు. సూర్యాపేట హోటల్లో చాయ్ చల్లారిపోతున్నా బల్ల మీది గ్రానైటు పుట్టుపూర్వోత్తరాలు చెబుతూనే ఉంటాడు. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు యజమాని కూతురి పెళ్లికి వెళ్తే అన్నంలో రాయి పంటికి తగిలింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని పెళ్లికొడుకు దాకా వెళ్లి, "ఇది స్ఫటిక జాతి బాబూ" అని మొదలుపెట్టాడు. ఆ మిల్లు యజమాని మళ్లీ ఏ శుభకార్యానికీ ఆయన్ను పిలవలేదు.

ఆయన కారు నడిపే కాశీరాంకు ఈ పురాణం కంఠతా వచ్చు. "మా ఆఫీసుల ఫైళ్లు గూడ రాళ్ల లెక్కనే కోట్ల ఏండ్లు కదలవు. సార్‌కు సరైన కుర్చీనే దొరికింది" అని తోటి డ్రైవర్లతో అనేవాడు.

ఆ వేసవిలో పాలకీడు దగ్గర తనిఖీకి వెళ్లారు. కోదాడ నుంచి వచ్చిన ధర్మేందర్ తన సున్నపురాయి క్వారీని గొర్రెలు కాసే సోమమ్మ ఇంటి వెనక దాకా పెంచుకోవాలని చూస్తున్నాడు. పేలుళ్లకు ఆమె గోడలు ఇప్పటికే నెర్రెలిచ్చాయి. అయినా కాగితాల్లో లోపం లేదు. పై నుంచి ఫోన్లు కూడా వచ్చాయి. సాయంత్రం అయిదులోపు డైరెక్టర్ అక్కడే సంతకం చేయాలి. గడువు దాటితే మళ్లీ కొత్త దరఖాస్తు, ఊరందరి ముందు విచారణ.

"సంతకం పెట్టేయండి సార్, భోజనం చేద్దాం" అన్నాడు ధర్మేందర్.

రామనర్సయ్య పెన్ను మూత తీసి, కాలి కిందికి చూశాడు. "గీ రాయి వయసెంతనుకుంటున్నవ్?"

కాశీరాం తల పట్టుకున్నాడు.

ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేదట. ఆ సముద్రం ఎండేసరికి ధర్మేందర్ తెప్పించిన బిర్యానీ కూడా ఎండింది. "టైమవుతోందండి" అంటే, "కోట్ల ఏండ్లు ఆగింది రాయి, నువ్వు జర ఆగలేవా?" అన్నాడు రామనర్సయ్య. పెన్ను కాగితం మీదికి వంగినప్పుడల్లా ఆయనకు ఇంకో రాయి దొరికింది. అంత పెద్ద ఆఫీసరు నోరు మూయించే ధైర్యం ఎవరికుంది? అందరూ తలలూపారు. చివరికి ఆయన గడియారం చూసుకుని, "అరె, గడువు ఖతమాయె" అన్నాడు. ధర్మేందర్ ముఖం సున్నం కొట్టినట్టయింది.

బయల్దేరుతుంటే సోమమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని వచ్చింది. "గంతసేపు మాట్లాడినవ్ సారూ, గొంతెండి ఉంటది. జర సల్ల తాగు."

ఆయన చెంబెడూ తాగేశాడు.

హుజూర్‌నగర్ దాటాక కాశీరాం ఉండబట్టలేకపోయాడు. "సార్, ఇయ్యాల ఒక్క రాయికే మూడు వయసులు చెప్పిండ్రు."

"తెలిసిందంత మూడు గంటలకే అయిపాయె. మిగిలింది అల్లిన." రామనర్సయ్య సీటుకు చేరగిలబడ్డాడు. "సంతకం పెట్టనంటే నా కుర్చీ పోతది కాశీరాం. రాళ్ల ముచ్చట చెప్పిండని మాత్రం ఇప్పటిదాక ఎవల్నీ తీసెయ్యలే."