గచ్చు కింద వెచ్చదనం

మొన్న ఆదివారం పొద్దున్నే సారు, అంటే మేడమ్ వాళ్లాయన, ఫోన్ చేశారు. "మీ మేడమ్ పోయిందయ్యా, నిద్రలోనే. షెడ్డులో పిల్లలున్నాయి, వాటి సంగతి నాకేం తెలీదు. నువ్వు రా" అన్నారు. పిల్లలంటే కోడిపిల్లలు. ఆవిడ గుడివాడ కాలేజీలో మాకు ఫిజిక్స్ చెప్పిన మేడమ్. రిటైరయ్యాక చల్లపల్లి దగ్గర సొంత ఊళ్లో నాటుకోడి పిల్లల్ని పెంచారు. బందరు నుంచి బండి మీద వెళ్తూ దారంతా ఏడ్చాను.

నేను రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు, కరెంటు పనులు చూసుకునేవాణ్ణి. ఆవిడ సబ్జెక్టులో బొటాబొటీగా గట్టెక్కినవాణ్ణి. అలాంటి నన్నే షెడ్డు కరెంటు పనికి ఎందుకు పిలిచారని మేడమ్‌ని అడిగితే, "తిట్టినా పడి ఉంటావని" అన్నారు. చాలానే పడ్డాను.

మా వైపు నేలలో చెమ్మ ఎక్కువ. పైన బల్బులు వేలాడదీస్తే కోడిపిల్లకు వీపు కాలుతుంది, పొట్ట చల్లగానే ఉంటుంది. అందుకని థర్మాకోల్ పరిచి, దాని మీద హీటింగ్ కేబుల్ పరిచి, పైన గచ్చు చేయించారు. సరైన వేడి రాగానే కరెంటు ఆపేసే థర్మోస్టాట్ నేనే బిగించాను. చూడ్డానికి వీలుగా ఉంటుందని గోడకు, సరిగ్గా నా కళ్ల ఎత్తులో పెట్టాను. సెన్సర్ కూడా దాని లోపలే.

ముసురు పట్టిన రోజు పిల్లలన్నీ మూలకు చేరి ఒకదాని మీద ఒకటి గుట్టపడ్డాయి. అడుగున ఉన్నవి ఊపిరాడక చచ్చిపోయాయి. గోడ మీద అంకె మాత్రం బ్రహ్మాండంగా ఉంది. నేను గాభరాగా దాన్ని ఇంకా పెంచాను.

"పెంచితే తొందరగా వేడెక్కుతుందా? కుళాయి అనుకున్నావా?" అని అరిచారు మేడమ్. తర్వాత చీర కుచ్చిళ్లు సర్దుకుని, కింద పరిచిన ఊక మీదే బోర్లా పడుకున్నారు. "ఇక్కడికి రా. నీ మొహం దగ్గర వెచ్చగా ఉంటే వీటికేంటిరా? ఇవి బతికేది ఇక్కడ." నేనూ పక్కన పడుకుని చూశాను. తలుపు కింద నుంచి చలిగాలి కత్తిలా తగిలింది. ఆ రోజు ఆవిడ అన్నం ముట్టలేదు.

మర్నాడు కొత్త థర్మోస్టాట్ కోసం గుడివాడలో షాపుకి వెళ్లాం. షాపాయన ఫోన్‌తో నడిచే రంగుల తెర ఉన్నది తీశాడు. "లేటెస్టండీ మేడమ్."

"కరెంటు పోయి వస్తే ఏం చేస్తుందండీ?"

ఆయనకు తెలియదు. మేడమ్ అక్కడికక్కడే ప్లగ్గు పీకించి మళ్లీ పెట్టించారు. రంగుల తెర ఒకసారి మెరిసి, హీటింగ్ ఆఫ్‌లోనే ఉండిపోయింది. పక్కనున్న మామూలుది పాత అంకెతో మళ్లీ పని మొదలుపెట్టింది. "మన కరెంటుకి ఇదే మొగుడు" అన్నారు. దానికి రెండు సెన్సర్లు. టీ కొట్టు నుంచి గోరువెచ్చటి నీళ్లు తెప్పించి, జ్వరం చూసే థర్మామీటరుతో కలిపి రెంటినీ ముంచారు. అంకెలు కలిశాకే కదిలారు.

ఒక సెన్సర్ పిల్ల ఎత్తులో కట్టాం, షెడ్డును నడిపేది అదే. రెండోది గచ్చు హద్దు మీరి కాలకుండా కాపలా. దాన్ని కేబుల్‌కీ కేబుల్‌కీ మధ్య గచ్చులో గాడి కోసి, కొస మూసిన సన్న పైపులో దూర్చమన్నారు. పైపెందుకన్నాను. "రేపది పాడైతే మళ్లీ గచ్చు పగలగొడతావా?" దివిసీమలో ఇవాళ నాకింత షెడ్ల పని దొరుకుతోందంటే ఆవిడ చలవే.

దహనం అయ్యాక సారు, నేను షెడ్డులోకి వెళ్లాం. వారం వయసు పిల్లలు గోడల వెంట నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి. ఆ పొద్దున మేడమ్ చేయాల్సిన పని మిగిలిపోయింది.

"రెండు డిగ్రీలు తగ్గించాలండీ సారూ."

"చలికి పోతాయేమోనయ్యా!"

"పోవండీ. ఈకలొస్తున్నాయి కదా, వారం వారం తగ్గించాల్సిందే."

నేను చెయ్యి చాపబోతే ఆగమన్నారు. ఎప్పుడూ ఆ గడప తొక్కని మనిషి, తడబడుతూ వేడి తగ్గించే బటన్ తనే రెండుసార్లు నొక్కారు. గచ్చు చల్లారడానికి సమయం పడుతుంది. చెప్పులు విడిచి అక్కడే నిలబడ్డారు. కాసేపటికి పిల్లలు ఒక్కొక్కటే గోడలు వదిలి గచ్చంతా పరుచుకున్నాయి. రెండు వచ్చి ఆయన పాదాల మీద సర్దుకుని కునుకు తీశాయి. ఇంట్లోంచి ఎవరో పిలిచారు. సారు కదల్లేదు.