బార్టర్ ద్వీపానికి రైస్ కుక్కర్‌తో

తెల్ల ఎలుగుబంటిని జూలో కాక దాని సొంత చోట చూడాలని నాకు చిన్నప్పటి కోరిక. డైరీలో తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ డైరీ కాస్తా చదివేసి రూమ్మేట్ స్వప్న టికెట్లు బుక్ చేసింది. సెప్టెంబర్‌లో ఒక గురువారం ఉదయం ఆరింటికి మేముండే పిస్కాటవేలో బయలుదేరి, సియాటిల్‌లో విమానం మారి, సాయంత్రానికి అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ చేరాం.

శుక్రవారం ఎనిమిదింటికి బార్టర్ ద్వీపానికి చిన్న విమానం. అక్కడ సామానుతో పాటు మనుషుల్నీ తూస్తారు. నా బరువు అందరూ వినేలా చదివితే నేల చూపులు చూశాను. సామాను తొమ్మిది పౌండ్లు ఎక్కువ. బ్యాగ్ తెరిస్తే ఐదు పుస్తకాలు, రైస్ కుక్కర్, బియ్యం, కందిపొడి.

"ఏందే, ఎలుగుబంటికి అన్నం వండిపెడ్తవా?" అంది స్వప్న.

పుస్తకాలు కౌంటర్లో వదిలేసి, కుక్కర్ ఒళ్ళో పెట్టుకుని ఎక్కాను.

మధ్యాహ్నానికి దిగాం. చెట్టన్నది లేదు, కంకర దారులు, కొన్ని ఇళ్ళు, అటుపైన సముద్రం. శనివారమంతా పొగమంచు. ఎలుగుబంట్లను చూపించే పడవ కదల్లేదు, సరుకుల విమానమూ రాలేదు. బసలో ఎనిమిది మందిమి. వంట చూసే మార్తా బ్రెడ్ అయిపోయిందని చెప్పింది. నేను కుక్కర్ తెచ్చి ప్లగ్ పెట్టాను. మూడు వాయిలు వండాం. ఒహాయో నుంచి వచ్చిన పెద్దాయన నన్ను చూసి కందిపొడి, వెన్న చేత్తోనే కలుపుకున్నాడు.

ఆదివారం పదకొండింటికి మంచు పలచబడింది. మూడింటికి మా తిరుగు విమానం. పడవ నడిపే రాబర్ట్ వచ్చి, "ఒక్క ట్రిప్పే. ఆరుగురే" అన్నాడు. అందరూ బూట్లు తొడుక్కుంటున్నారు. అలవాటుగా వెనక్కి జరిగాను.

"అడగవే! ఇంత దూరమొచ్చింది ఎనక నిలబడనీకా?" అని స్వప్న మోచేత్తో పొడిచింది.

"నేను రావాలి," అన్నాను. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "చిన్నప్పటి నుంచీ ఎదురు చూస్తున్నాను."

ఒహాయో పెద్దాయన భార్య వైపు చూశాడు. "మేం పోయినేడే చూశాం. మా సీట్లు మీ ఇద్దరికి. ఆ కుక్కర్ మాత్రం ఇక్కడ వదిలి వెళ్ళండి."

ఇసుక దిబ్బ దగ్గర రాబర్ట్ ఇంజన్ ఆపాడు. తల్లి, రెండు పిల్లలు. తెల్లగా లేవు, కందిపప్పు కడిగిన నీళ్ళ రంగు. తల్లి మమ్మల్ని చూసి తీరిగ్గా ఆవులించింది. నేను ఫోటో తీయడం మరచిపోయాను.

వెళ్ళాలనుకునేవాళ్ళు ఒక రోజు అదనంగా ఉంచుకోండి, పుస్తకాలు తక్కువ తీసుకెళ్ళండి. కుక్కర్ మార్తాకే ఇచ్చేశాను.

మూడింటికి విమానం దగ్గర పైలట్, తన పక్క సీట్లో ఎవరు కూర్చుంటారని అడిగాడు.

"నేను," అన్నాను, స్వప్న నోరు తెరిచేలోగా.