రేణు అక్క కాపలా

అమెరికాలో మేముండే ఆష్‌బర్న్‌లో మా వీధివాళ్లు ఎవరు సెలవులకు వెళ్లాలన్నా ముందు రేణు అక్కనే అడుగుతారు. సెయింట్ థామస్ దీవిలో తాబేళ్లు ఏ బీచ్‌కి వస్తాయో, పక్క దీవికి ఫెర్రీ ఎక్కడ ఎక్కాలో, కొండదారిలో ఏ మలుపు దగ్గర కారు ఆపితే సముద్రమంతా కనిపిస్తుందో ఆవిడకు కొట్టిన పిండి. చాలాసార్లు వెళ్లింది మరి. ఒక్కసారీ నీళ్లలో దిగలేదు.

మనవాళ్లు ఆ దీవికే పరుగెత్తడానికి కారణం ఉంది. అదీ అమెరికాదే, వీసా స్టాంపింగ్ గొడవ లేదు. కాకపోతే తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్ట్‌లో పాస్‌పోర్ట్‌లు, వీసా కాగితాలు చూస్తారు. వాటిని హోటల్ రూమ్‌లో వదలడానికి ఎవరికీ ధైర్యం చాలదు. అన్నీ ఒకే బ్యాగ్‌లో కుక్కి బీచ్‌కి తేవడం, దాన్ని రేణు అక్క ఒళ్లో పడేయడం మా గుంపు ఆచారం. అందరం కేరింతలు కొడుతుంటే ఆవిడ గొడుగు కింద కూర్చుని పులిహోర డబ్బాలకూ మా బతుకులకూ కాపలా కాసేది. నాకు ఒళ్లు మండేది. ఆవిడ నవ్వేది.

పోయిన చలికాలం ఆవిడ ఈత నేర్చుకుంది. యాభై దగ్గర పడుతున్న మనిషి, రిక్రియేషన్ సెంటర్‌లో బుడతల పక్కన నిలబడి నేర్చుకుంది. నీళ్లు మింగింది, ముక్కు మండింది, మానలేదు.

"ఒక్కసారైనా తాబేలు పక్కన ఈదాలి రష్మీ, అంతే," అంది నాతో.

ఈ మార్చిలో మా రెండు కుటుంబాలూ మళ్లీ వెళ్లాయి. బీచ్‌లో కాలు పెట్టగానే ఆవిడ భర్త దామోదర్ గారు నీళ్లలో చూడ్డానికి స్నార్కెల్ మాస్క్ తగిలించుకుంటూ, "రేణూ, బ్యాగ్ నువ్వే చూసుకో. పాస్‌పోర్ట్‌లు పోతే మన పని అయిపోయినట్టే," అన్నారు.

"నేను కూర్చుంటా అక్కా, నువ్వెళ్లు," అన్నాను.

"వద్దులే, నేనే చూసుకుంటా," అంది. ఆవిడ మీదే చిరాకేసి విసవిసా నీళ్లలోకి వెళ్లిపోయాను.

కాసేపటికి దామోదర్ గారు కెవ్వుమన్నారు. గొడుగు కింద ఎవరూ లేరు, బ్యాగూ లేదు. మా అందరికంటే లోపల రేణు అక్క నింపాదిగా ఈదుతోంది. వెనకాల నారింజ రంగు బుడగ ఒకటి తేలుతూ వస్తోంది. దూరం ఈదేవాళ్లు నడుముకు తాడుతో కట్టుకునే, నీళ్లు చొరబడని సంచి అది.

"రేణూ! బ్యాగ్ ఏదీ?"

"నా దగ్గరే ఉందండీ! ఈ సంచిలో పెట్టా!"

"సముద్రంలోకి తీసుకెళ్లావా? హెచ్‌వన్ వీసా అప్రూవల్ కూడా అందులోనే ఉందే! వెనక్కి వచ్చెయ్!"

"ఇక్కడ తాబేలుందండీ! చూసొస్తా!"

చూసే వచ్చింది. ఒడ్డున సంచి విప్పితే ఒక్క కాగితం మూల తడిస్తే ఒట్టు. ఇంట్లో బాత్‌టబ్‌లో పాత పేపర్లు పెట్టి ముందే పరీక్షించి చూసుకుందట! మా అందరి తెలివీ కలిపినా ఆవిడ ముందుచూపుకు సరిపోదు. తడి మొహంతో, "పక్కనే వచ్చింది రష్మీ," అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు బీచ్‌లో దామోదర్ గారు మాస్క్ బయటికే తియ్యలేదు. గొడుగు కింద చతికిలబడి చెయ్యి చాపారు.

"బ్యాగ్ ఇలా ఇవ్వు తల్లీ, నేను చూసుకుంటా. నువ్వెళ్లు."

పులిహోర డబ్బాలు కూడా ఆయన ఒళ్లోనే పెట్టి, రేణు అక్క వెనక్కి చూడకుండా నీళ్లలోకి నడిచింది.