మా అత్త ఒప్పుకోని కాకి

తెల్లగా ఉండకూడని పిట్టలు తెల్లగా ఉండటం నేను మూడుసార్లు చూసినా. ఈ మాట చెప్తే మా బడి స్టాఫ్ రూములో నవ్వుతారు. కొంగలు తెల్లగానే కదా టీచరమ్మా ఉండేది అంటారు. కొంగల సంగతి నాకు తెలియకనా? రోజూ వాకాడు రోడ్డు మీద స్కూటీలో పోయేదాన్ని. నాట్లప్పుడు మడి నిండా కొంగలే. నేను చెప్పేది కొంగల గురించి కాదు.

మొదటిది పిచ్చుక. మా బడి వంటగది సన్‌షేడ్ కింద గూడు కట్టుకునింది. ఒక రెక్కలో రెండంటే రెండు ఈకలు తెల్లగా ఉండేవి, సుద్దముక్క రాసుకున్నట్టు. రెండోది గోరింక. కోట బస్టాండులో టీ అంగడి ముందర బన్ను ముక్కలు ఏరుకుంటా కనిపించింది. ఒళ్ళంతా మామూలుగానే ఉంది కానీ తల మొత్తం తెలుపు. టీ అంగడాయన "ముసిలిదైపోయిందమ్మా, తల నెరిసింది" అని చాలా గంభీరంగా చెప్పినాడు. ఒక పూటంతా ఆ మాట నమ్మినా కూడా. బీయెడ్ చదివినదాన్ని, ఎవరికీ చెప్పుకోలేదు.

మూడోది మా ఇంటి కాకి. మా అత్తా మామా ఏడాది పాటు దాని గురించి పోట్లాడుకున్నారు కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్పాలి.

మా ఇల్లు ఊరి చివర. ఇంటి వెనక మా మూడెకరాల మడి, మడి మధ్యలో బోరు షెడ్డు. దాని అవతల నుంచి రొయ్యల గుంటలు మొదలవుతాయి, ఇంక సముద్రం దాకా అవే. మా అత్త రోజూ పొద్దున అన్నం ఉడకంగానే మొదటి ముద్ద తీసుకపోయి పెరటి గోడ మీద పెడతాది. పోయిన పెద్దోళ్ళు కాకులై వచ్చి తింటారని ఆమె నమ్మకం. కాకి ముట్టినాకే ఇంట్లో ఎవరైనా తినాలి. కాపురానికొచ్చిన కొత్తలో ఆకలికి ఆగలేక ముందే తినేసి, అన్నంతో పాటు తిట్లు గూడా తిన్నా.

ఒక పొద్దున ఆ గోడ మీదికి తెల్లది వచ్చింది. నిండు తెలుపు కాదు, బియ్యం కడిగిన నీళ్ళ రంగు. ముక్కూ కాళ్ళూ లేత గులాబీ. మిగతాదంతా కాకే. అదే నడక, అదే మెడ వాల్చి దొంగచూపు చూడటం, అన్నం మీదికి ఒక గంతు వేసి రెండు గంతులు వెనక్కి పోవడం. నేను ఫోను తెద్దామని లోపలికి పరిగెత్తినా. వచ్చేసరికి మిగతా కాకులు దాన్ని పొడిచి తరుముతా ఉన్నాయి.

మా మామ అరుగు మీద కూర్చొని దోసె తింటా ఇదంతా చూసినాడు. "ఏమ్మే, తెల్లకాకి వచ్చింది చూడు" అన్నాడు మా అత్తతో.

మా అత్త కళ్ళు చికిలించి చూసి, "అది కాకి కాదు" అనింది.

అంతే. అక్కడ మొదలైంది. ఆమె ఒక మాట అనిందంటే ఇంక వెనక్కి తీసుకోదు. మా మామ సంగతి చెప్పనే అక్కర్లేదు.

"కాకి కాకపోతే ఏంది మరి? కావ్ కావ్ అంటా ఉండాది కదా."

"సెల్లుఫోను గూడా మాట్లాడతాది. అది మనిషయిపోద్దా?"

"రంగొక్కటే కదే తేడా."

"నీకు తేడా. కాకులకి తెలీదా? సాటి కాకులే దాన్ని దగ్గరికి రానియ్యడంలా, నువ్వు నాకు చెప్పొచ్చినావు."

నాకు నవ్వాగలేదు. మా మామ పక్షాన నేనొక్కదాన్నే. మా ఇంటాయన తెలివైనవాడు, ఏ పక్షానా చేరకుండా టిఫిను తిని పొలం పోతాడు. అది మళ్ళీ వచ్చినప్పుడు నేను ఫోటో తీసి మా బడి సైన్స్ సారుకి చూపించినా. కొన్ని పిట్టలకి పుట్టుకతోనే ఈకల్లో రంగు పట్టదనీ, పిచ్చుకల్లో గోరింకల్లో కాకుల్లో ఇది అప్పుడప్పుడూ ఉండేదేననీ, ఇది కాకి అనడంలో అనుమానమే లేదనీ ఆయన వివరంగా చెప్పినారు. గెలిచినామనుకుంటా ఇంటికొచ్చి ఆ మాట చెప్పినా. మా మామ తొడ చరుచుకున్నాడు.

మా అత్త చింతపండు పిసుకుతా తల గూడా ఎత్తలేదు. "మీ సారు ఎన్నేళ్ళ నుంచి కాకులకి అన్నం పెడతా ఉండాడంట?" అనింది.

ఆమె నలభై ఏళ్ళ నుంచి పెడతా ఉంది.

ఆ తర్వాత తెల్లది వచ్చినప్పుడల్లా మా అత్త గోడకి ఆనించిన గెడకర్ర తీసి అదిలించేది. పెద్దోళ్ళకి పెట్టిన కూడు కాకి కానిది తింటే వాళ్ళకి చేరదు కదా, అదీ ఆమె బాధ. మా మామ ఆమె లోపలికి పోయిందాకా ఆగి, దోసె అంచులు తుంచి దానికి విసిరేవాడు. "పాపం దాన్ని వాళ్ళోళ్ళు తరుముతారు, నువ్వూ తరుముతావు, యాడికి పోద్దమ్మే అది" అనేవాడు. ఆ మాటకి మాత్రం ఆమె బదులు చెప్పేది కాదు.

బదులెందుకు చెప్పలేదో నాకు కొన్నాళ్ళకి తెలిసింది. బడికి సెలవు రోజు మడిలోకి పోతే బోరు షెడ్డు రేకు మీద అన్నం మెతుకులున్నాయి. పెరుగు కలిపిన అన్నం. తెల్లది ఒంటరిగా, ఎవరి పోరూ లేకుండా కూర్చొని తింటా ఉంది. షెడ్డు చాటున మా అత్త నిలబడి ఉంది. నన్ను చూసి దొరికిపోయినట్టు కొంగు సర్దుకుని, "పిట్ట కదా, ఆకలేస్తాది. కాకి కాకపోతే మాత్రం పస్తు పెడతామా" అనింది. మీ మామకి చెప్పొద్దని గూడా అనింది. చెప్పకుండా ఎట్టా ఉంటాను, ఆ సాయంత్రమే చెప్పేసినా. మా మామ బీడీ ముట్టించుకుని చాలాసేపు నవ్వుకున్నాడు గానీ, తెలిసినట్టు ఆమెకి చెప్పనేలేదు. వాళ్ళ కాపురం అట్టా ఉండేది. నాకు వాళ్ళిద్దరినీ చూస్తే ముద్దొచ్చేది.

వాన పడే నెలల్లో మా మామకి గుండె నొప్పి వచ్చింది. నెల్లూరు తీసుకపోయి ఆసుపత్రిలో చేర్చినాం. నాలుగో రోజుకి కొంచెం తేరుకున్నాడు. డాక్టరు గారు సోమవారం ఇంటికి పంపిస్తామన్నారు. శనివారం మధ్యాహ్నం నేనూ మా అత్తా ఆయనకి గంజి తీసుకపోయినాం. స్పూనుతో తాపతా ఉంటే మధ్యలో ఆపి అడిగినాడు.

"తెల్లకాకి వస్తా ఉండాదా?"

"కాకులొస్తా ఉండాయి. ఆ తెల్ల పిట్ట గూడా వస్తా ఉండాది."

మా మామ నవ్వినాడు. నీరసంగానే గానీ, మళ్ళీ ఆ పాత నవ్వే. "ఒక్కసారి కాకి అనమ్మే. నీ సొమ్మేం పోయింది?"

"అనను" అనింది మా అత్త. గంజి స్పూను ఆయన నోటి దగ్గర పెట్టి, "ముందు ఇంటికి రా. గోడ కాడ నిలబడి నువ్వే చూపించు. అప్పుడంటా" అనింది.

"మాటేనా?"

"మాటే. గమ్మున గంజి తాగు."

ఆదివారం పొద్దున ఆయన పోయినాడు. గంజి గిన్నె కడిగి సంచిలో పెట్టుకుంటా ఉంది మా అత్త, ఆ పక్కనే. ఆమె ఏడవలేదు. ఇంటికి తీసుకొచ్చి మా మడిలోనే, బోరు షెడ్డు పక్కన దహనం చేసినాం. ఆ తర్వాత రోజూ గోడ మీద ముద్ద పెడతానే ఉంది. తెల్లది వచ్చినా గెడకర్ర తియ్యలేదు. అసలు అటు చూడనే లేదు.

పెద్దకర్మ రోజు మడిలోనే పిండం పెట్టినాం. ఆయనకి ఇష్టమని మొలగొలుకుల బియ్యం వండించింది మా అత్త. మా ఇంటాయన అరటాకు పరిచి పిండం పెట్టి వెనక్కి జరిగి నిలబడినాడు. బంధువులంతా గట్టు మీద నిలబడినారు. ఇంక కాకి వచ్చి ముట్టాలి. ముట్టిందంటే పోయిన మనిషి తృప్తిగా తీసుకున్నట్టు. ముట్టలేదంటే మనసులో ఏదో కోరిక మిగిలిపోయినట్టు.

కాకి రాలేదు.

ఎట్టా వస్తాది? ఆ పొద్దునే పక్క గుంటలో రొయ్యల పట్టుబడి. గుంటాయన్ని తప్పు పట్టలేం. రొయ్య ఎదిగినాక ఆగదు, ఐసు లారీ గూడా వచ్చేసింది. ముందు రోజే మా ఇంటికొచ్చి చేతులు పట్టుకుని చెప్పుకొని పోయినాడు. వల లాగుతా ఉంటే గట్టు మీద చిన్న రొయ్యలూ చేపపిల్లలూ కుప్పలుగా పడతా ఉన్నాయి. మండలంలోని కాకులన్నీ అక్కడే ఉన్నాయనిపించింది. అంత విందు వదిలిపెట్టి చప్పిడి అన్నం ముద్ద కోసం ఏ కాకి వస్తాది? మేం గొంతులు పోయేటట్టు కా కా అని పిలుస్తానే ఉన్నాం. ఒక్కటి గూడా తల తిప్పలేదు.

అరగంట అయింది. గంట అయింది. పిండం పైన ఎండి గట్టిపడతా ఉంది. ఇట్టా అయినప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చి పోయినోళ్ళ కోరిక ఏదో అనుకుని మాటివ్వడం మా వైపు ఆనవాయితీ. మా ఇంటాయన "నాయనా, బోరుకి కొత్త మోటారు వేయిస్తా" అన్నాడు. మామ తమ్ముడు, మా చినమామ, చాలా తటపటాయించి, "అన్నా, మన మడి గట్టు తగాదా వదిలేసినా" అన్నాడు. అంతమంది ముందర అన్నాడు కాబట్టి తర్వాత తప్పించుకోలేకపోయినాడు. నేను గూడా పోయినా. ఆయన బీడీ కట్టలు ఎన్నిసార్లు తొట్టి నీళ్ళలో పడేసినానో నాకే తెలుసు. "మామా, తప్పయిపోయింది" అని అరటాకు పక్కన ఒక బీడీ పెట్టి వచ్చినా.

కాకి రాలేదు. ఆడోళ్ళు ఏడుపు మొదలుపెట్టినారు.

మా అత్త షెడ్డు మెట్టు మీద కూర్చొని ఉంది. ఆయన కోరిక ఏందో ఆమెకి తెలుసు. నాకూ తెలుసు. చెబుదామని నోటిదాకా వచ్చి ఊరుకున్నా. అది ఆమె అనాల్సిన మాట, నేను అనేది కాదు.

అప్పుడు గుంట వైపు నుంచి తెల్లది వచ్చింది. రెండు నల్లకాకులు దాన్ని తరుముకుంటా సగం దూరం వచ్చి, రొయ్యలు గుర్తొచ్చి వెనక్కి తిరిగిపోయినాయి. విందులో దాన్ని చేరనియ్యలేదని చూస్తేనే తెలుస్తా ఉంది, ఒక రెక్క ఈకలు చెదిరిపోయి ఉన్నాయి. అది అలవాటుగా షెడ్డు రేకు మీద వాలింది. రేకు మీద ఏమీ లేదు. కిందికి చూసింది. ఒక గంతు, రెండు గంతులు వెనక్కి, మళ్ళీ ఒక గంతు. పిండం మీదికెక్కి తినడం మొదలుపెట్టింది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. చినమామ మాత్రం ముందుకొచ్చినాడు. "ఇది చెల్లదు. కాకి ముట్టాల. అది కాకి కాదని వదినే ఏడాది నుంచి ఊరంతా చెప్తా ఉండాది కదా" అన్నాడు. పిండం తీసేసి మళ్ళీ కొత్తది పెట్టాలని ఇంకో ఇద్దరు అందుకున్నారు.

కర్మ చేయించే అయ్యవారు ఇరుకున పడినారు. "కాకి ముట్టాలని శాస్త్రంలో ఉంది గానీ రంగు సంగతి ఎక్కడా లేదు. అది కాకి అవునో కాదో ఇంటివాళ్ళే చెప్పాలి" అన్నారు. అందరూ మా అత్త వైపు తిరిగినారు. ఈ ఒక్క మాటకి ఆమె కాదంటే, ఆయన ఆకలితో పోయినట్టే ఇంక.

మా అత్త మెట్టు మీద నుంచి లేచింది.

"కాకే అది" అనింది.

అందరి వైపూ చూసి మళ్ళీ చెప్పింది. "మొదటి రోజే తెలుసు నాకు. నలభై ఏళ్ళు కూడు పెట్టినదాన్ని, కాకిని గుర్తు పట్టలేనా. అన్నాను కాబట్టి అన్నాను. ఆయన పోట్లాడతా ఉంటే బాగుండేది. ఇంటికొస్తే ఒప్పుకుందామని దాచి పెట్టుకున్నా. రాలేదు కదా ఆయన." అంటానే మెట్టు మీద కూలబడి, అన్ని రోజుల ఏడుపూ అప్పుడే ఏడ్చింది. నేను పోయి పట్టుకున్నా. తెల్లది మాత్రం మమ్మల్ని పట్టించుకోకుండా పిండం సగందాకా తినింది.

మర్నాడు పొద్దున అన్నం ఉడకంగానే మా అత్త ముద్ద తీసుకపోయి గోడ మీద పెట్టింది. నేను వాకిట్లో నిలబడి చూస్తా ఉన్నా. నాలుగు నల్లవి వాలినాయి, కాసేపటికి కొంచెం ఎడంగా తెల్లది. నల్లవి దాని మీదికి పోబోయినాయి. మా అత్త గెడకర్ర తీసి నల్లవాటిని అదిలించింది. అవి చెట్టెక్కి అరుస్తా ఉంటే, తెల్లది మెడ వాల్చి ఆమె వైపు చూసింది.

"తిను" అనింది మా అత్త. "గెలిచినావులే."