రైల్లో నా చేత కొట్టించిన మనిషి

మా పాపకి నాలుగేళ్ళప్పుడు మొదటిసారి రైలెక్కించాను. పలాసలో ప్యాసింజరెక్కి కోటబొమ్మాళి దగ్గరున్న మా అమ్మగారింటికి వెళ్తున్నాం. కిటికీ పక్కన చోటు దొరికింది. పాప సంతోషం పట్టలేక అంగన్‌వాడీలో నేర్చుకున్న పాట గొంతెత్తి పాడుతూ, కాళ్ళతో ఎదుటి సీటును తన్నడం మొదలుపెట్టింది. వద్దంటే కాసేపు ఆగేది, మళ్ళీ తన్నేది.

పూండిలో ఒక పెద్దమనిషి ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. పక్కవాళ్ళు మాస్టారూ అని పలకరించి జరిగి చోటిచ్చారు. కాసేపటికి పాప చెప్పు ఆయన పంచెకు తగిలింది. ఏమీ అనుకోవద్దన్నాను. ఆయన నా మాట విననట్టే, పెట్టెలో అందరికీ వినపడేలా అన్నాడు.

"ఎక్కినకాడ్నించి సూత్తన్నాను. కనీసినంత సులువేటమ్మా పెంచడం? ఒక్కటిచ్చుకో, నోరు మూసుకుంటాది."

పక్కనున్నావిడ ఈ కాలం తల్లులకు పిల్లల్ని భయంలో పెట్టడం రాదంది. ఎవరో నవ్వారు. అందరూ నన్నే చూస్తున్నారు. నా చెయ్యి లేచింది. అంతకుముందెప్పుడూ దాన్ని కొట్టి ఎరగను. చెంప మీద నాలుగు వేళ్ళూ తేలాయి. పాప ఏడవలేదు. కూర్చున్నచోటే గౌను తడిపేసుకుంది. ఆయన "అదీ" అని పేపరు విప్పుకున్నాడు.

ఆ తర్వాత ఎప్పుడు బస్సెక్కబోయినా, లోపల తాతలున్నారేమో చూసి చెప్పమనేది పాప. అది అడిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. మా ఆయన మర్చిపొమ్మన్నారు. నేను మాత్రం వంట చేస్తూ, బట్టలుతుకుతూ ఆ మాస్టారికి జవాబులు చెప్పుకుంటూనే ఉన్నాను. ఒక్కసారి కనపడితే చాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా. అలాంటి మొక్కులు మొక్కొచ్చో లేదో తెలియదు.

మూడేళ్ళకు ఆయనే మా గుమ్మం ఎక్కాడు. పలాసలో మాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. బళ్ళు తెరిచే రోజులు కావడంతో, పాస్‌పోర్టు సైజు ఫొటోల కోసం పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళు పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. ఆయన పక్కన ఐదేళ్ళ మనవరాలు. నేను చూడగానే పోల్చుకున్నాను. ఆయన నన్ను పోల్చుకోలేదు.

ఆ పిల్ల స్టూలు మీద నిలవదు. లైటు వెలిగితే కళ్ళు మూసుకుంటుంది, దిగిపోతుంది, తాత పంచెలో తల దూర్చుకుంటుంది. అలాంటి పిల్లల్ని రోజూ చూస్తాను. నాలుక బయటపెట్టి వెక్కిరిస్తే చాలు, నవ్వుతారు, కుదురుగా కూర్చుంటారు. ఆ రోజు నేను వెక్కిరించలేదు. కెమెరా పట్టుకుని ఊరికే నిలబడ్డాను.

వెనకవాళ్ళు విసుక్కోవడం మొదలైంది. కాస్త భయం చెప్పాలి కదా అన్నారెవరో. ఆయనకు చెమటలు పట్టాయి. ముందు బతిమాలాడు, తర్వాత చాక్లెట్ కొనిపెడతానన్నాడు. అప్పుడు నెమ్మదిగా అన్నాను.

"కనీసినంత సులువేటి మాస్టారూ పెంచడం? ఒక్కటిచ్చుకోండి, నోరు మూసుకుంటాది."

ఆయన చెయ్యెత్తాడు. పిల్ల భుజాలు ముడుచుకుంది. నేను ఆపలేదు. ఆ చెయ్యి కిందికి దిగుతుందనే చూశాను, దిగాలనే కోరుకున్నాను. ఇప్పటికీ అది దాచుకోను. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"దీని మీద నా సెయ్యి రాదు తల్లీ," అన్నాడు.

"నా కూతురి మీద నా సేత ఎత్తించారు కదా మాస్టారూ."

ఆయనకు అర్థం కాలేదు. రైలు, పూండి, పాట, చెంప మీది వేళ్ళు, తడిసిన గౌను, ఒక్కటీ వదలకుండా కూర్చున్నవాళ్ళందరికీ వినపడేలా చెప్పాను. విసుక్కున్నవాళ్ళు తలలు దించుకున్నారు. ఆయన నా మొహంలోకి పరీక్షగా చూసి, "గుర్తు లేదమ్మా," అన్నాడు. అబద్ధమాడినట్టు లేదు. నిజంగానే గుర్తు లేదు. మూడేళ్ళు నేను రోజూ తలుచుకున్నది ఆయనకు ఒక్క రోజు కూడా మిగల్లేదు. అందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

అప్పుడు పిల్ల వైపు తిరిగి నాలుక బయటపెట్టాను. కిలకిలా నవ్వింది. ఒక్క నిమిషంలో ఫొటో అయిపోయింది.

కవరు తీసుకుని ఆయన మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. చెప్పులు తొడుక్కోవడానికి తడబడ్డాడు. అక్కడున్నవాళ్ళలో ఎవరూ ఆయన్ని మాస్టారూ అని పిలవలేదు. నాకు జాలి వేయలేదు. ఆ మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిన్నాను.