ఉల్టా మర నట్టు

బాన్సువాడ బస్టాండు దాటి వర్ని రోడ్డు ఎక్కంగనే ఎడమ పక్కకు నీలం ప్లాస్టిక్ తాటిపత్రి పందిరి ఒకటి కనవడ్తది. దాని కింద కూసొని గంగుబాయి సైకిళ్ళు బాగుచేస్తది. తాటిపత్రి వాసానికి బ్రేకు తీగతోని ఒక విరిగిన బోల్టు ఏలాడుతుంటది. గాలి కొట్టించుకునేటోళ్ళ నెత్తికి తాకుతది. "గంగక్కా, గీ బోల్టు తీసెయ్యరాదే" అని ఎంతమంది అన్నరో లెక్కలేదు. ఆమె తియ్యది. పదకొండేండ్లాయె. అది గిరాకీల కోసం కట్టింది కాదు, రోడ్డుకు అవతల సైకిల్ దుకాణం పెట్టుకున్న మోతీరాం పొద్దున లేసి షట్టరు ఎత్తంగనే చూడాల్నని కట్టింది.

పని ఆమెకు తండ్రి శివరాం నేర్పిండు, పుట్టినూరు డోంగ్లిల ఉన్నప్పుడు. లగ్గమై బాన్సువాడకు వచ్చినంక మోతీరాం దుకాణంలనే పంక్చర్లు వేస్తుండె. పెనిమిటి భీంరావు చెరుకు లారీల మీద హమాలి. ఒకనాడు లారీ ఎనుకకొచ్చి ఆయన రెండు కాళ్ళు నలిపేసింది. ఏడాది మంచం దిగలే. గోడకు మొఖం పెట్టి పండుకునేటోడు. అది చూడలేక గంగుబాయి రెండు తుక్కు సైకిళ్ళు ఏరుకొచ్చి మూడు చక్రాల బండి చేసింది. కాళ్ళతోని తొక్కే పెడళ్ళను ఛాతీ ముందటికి తెచ్చి చేతులతోని తిప్పేటట్టు పెట్టింది. సీటుకు ఉల్లిగడ్డల సంచి కుట్టింది, కింద పల్లీల పెట్టె బిగించింది. భీంరావు ఆ బండి మీద బస్టాండుకు పోయి పల్లీలమ్ముడు మొదలువెట్టిండు. "గంగూ, నాకు మల్ల కాళ్ళు మొలిచినయే" అని నవ్వుతుండె. ఆ నవ్వు కోసమే గదా ఆమె అన్ని రోజులు చేతులు కోసుకున్నది.

ఆ బండిల ఒక కిటుకున్నది. చేతి పెడళ్ళ ఇరుసుకు ఎడమ దిక్కు మామూలు నట్టు పెడితే తిప్పంగ తిప్పంగ దానంతట అదే వదులైతది. రెండుసార్లు గట్లనే ఊడింది. అందుకే గంగుబాయి ఉల్టా మర ఉన్న బోల్టూ నట్టూ వెతికి పెట్టింది. లోకంల నట్లన్నీ ఎడమకు తిప్పితే ఊడొస్తయి, ఇది మాత్రం కుడికి తిప్పితేనే ఊడొస్తది. ఎడమకు తిప్పితే ఇంకింత బిగుస్తది. ఇది ఆమెకు తెలుసు, భీంరావుకు తెలుసు. మూడో మనిషికి చెప్పలే.

ఒకనాడు మోతీరాం ఇంటికొచ్చిండు. "భీంరావన్నా, ఊర్లల్ల సొంతంగ చేసిన పనిముట్లు చూస్తందుకు ఆఫీసర్లు వస్తుండ్రట. బండి నాలుగు దినాలియ్యి. మీ ఇంటామె పేరు రాయించి పెడ్త" అన్నడు. పాపం, భీంరావు నమ్మి ఇచ్చిండు. నాలుగు దినాలు రెండు నెలలైనయి. భీంరావు మల్ల గోడకు మొఖం పెట్టుకున్నడు. ఆడ మోతీరాం మాత్రం శాలువా కప్పించుకున్నడు, షీల్డు తీసుకున్నడు, బండి పక్కన నిలవడి ఫోటో దిగిండు. కింద రాసింది ఆయన పేరు. గంగుబాయి అనే మాట యాడ లేదు.

అంతటితోని ఆగితే, థూ అని ఊకునేదేమో. ఆగలే. గసొంటి బండ్లు ఇంకో రెండు చేసియ్యమని ఆఫీసర్లు అడిగితే, లోపల ఎట్లున్నదో చూస్తామని మోతీరాం పానా పట్టిండు. నట్టు ఊడలే. మొండిగ ఉన్నదనుకొని పానాకు పైపు తొడిగి ఒళ్ళు బరువంత ఏసి ఎడమకే గుంజిండు. బోల్టు పుటుక్కున విరిగింది. విరిగిన కాడ ఇంత వెల్డింగు పెట్టి, మీద పచ్చ రంగు పూసి, ఏం ఎరుగనట్టు బండి తెచ్చి వాకిట్ల పెట్టి పోయిండు. ఆరో రోజు నిజాంసాగర్ కాలువ వంతెన దిగుతుంటే ఆ వెల్డింగు ఊడింది. పెడలు జారి చైను ముందటి చక్రంల చిక్కింది, బండి బోర్ల పడ్డది. భీంరావు నడుము విరిగింది. నాలుగు నెలలకు సచ్చిపోయిండు.

రంగు కింద వెల్డింగు చూసినప్పుడు గంగుబాయికి అంత అర్థమైంది. విరిగిన బోల్టు పట్టుకొని దుకాణం ముందట నిలవడ్డది. "బండి నేను చేసిన. నువ్వు విరగ్గొట్టినవ్. నా మొగుణ్ణి సంపినవ్. ఒప్పుకో" అని ఒర్రింది. మోతీరాం మెల్లగ నవ్విండు. "గాలి కొట్టేదానివి, నువ్వు బండి చేసినవా? ఎవలన్న నమ్ముతరా?" అని చుట్టున్నోళ్ళను చూసిండు. ఆళ్ళూ నవ్విండ్రు. ఆ నవ్వుడే ఆమె కడుపుల పడ్డది. "నీ నోటితోని, గీ బజార్లనే, బండి గంగుబాయే చేసిందని చెప్పిపియ్యకుంటే నేను శివరాం బిడ్డనే కాదు" అన్నది. తెల్లారేసరికి రోడ్డుకు ఇవతల తాటిపత్రి లేసింది.

అప్పటిసంది ఆమె ఆయన గిరాకీని ఒక్కొక్కరిని గుంజుకున్నది. మోతీరాం కాడికి పోతే "కొత్తది కొను" అంటడు. ఈమె కాడికొస్తే బ్రేకు రబ్బరు అరిగినోనికి హవాయి చెప్పు మడమ కోసి పెడ్తది, వానల్ల గూడ పట్టి ఆపుతది ఆ బ్రేకు. టైరు పగిలితే పాత టైరు ముక్క లోపట పరుస్తది. వర్ని దిక్కు ఆంధ్రోళ్ళ క్యాంపుకెల్లి పాలు తెచ్చే రత్తయ్య సైకిల్‌కు మంచం పట్టెలతోని క్యాన్ల స్టాండు చేసింది. పడ్డ క్యాను మల్ల పడలే. ఒక్కొక్క సైకిల్ ఇవతలికి తిరిగినప్పుడల్లా ఆమె అవతలికి చూస్తది, మోతీరాం చూసిండా లేదా అని. ఆయన తల దించుకొని కాయితాలు తిరగేస్తడు. ఆయన ఎనుక గోడకు షీల్డూ ఫోటో అట్లనే ఉంటయి.

మొన్న ఎండాకాలం మోతీరాంకు పక్షవాతం కొట్టింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పోయినయి. మూతి వంకర వోయింది. నిజం చెప్తే గంగుబాయి ఆ రోజు కొబ్బరికాయ కొట్టింది. ఎందుకు దాచాలె!

నెల దాటినంక మోతీరాం కొడుకు వినోద్‌కుమార్ తాటిపత్రి కిందికొచ్చిండు. కామారెడ్డిల ఏదో ఆఫీసుల కొలువు చేస్తడు. "అక్కా, నాయన ఇంట్ల కూసొని ఏడుస్తుండు. దుకాణం కాడికి పోతా అని సైగ చేస్తడు. బయట దొరికే బండ్లు రెండు చేతులతోని తిప్పాలె. ఒంటి చేత్తోని నడిచేది నువ్వు తప్ప ఎవలు చెయ్యలేరంటుండ్రు" అన్నడు.

గంగుబాయి చేతుల ఉన్న గొలుసు కింద పెట్టింది. "చేస్త. అంగడి రోజు, నలుగురి ముందట, ఆ ఫోటోల బండి ఎవలు చేసిండ్రో మీ నాయన నోటితోని చెప్పాలె."

"ఆయనకు మాట లేదక్కా. ఏం అడిగినా ఆఁ అంటడు, గంతే."

ఆమెకు ఒళ్ళు మండింది. పదకొండేండ్లు కాసుకున్న మాట ఆ నోట్లనే సచ్చిపోయిందా? గొలుసు మల్ల చేతులకు తీసుకున్నది. "సరే తియ్యి, ఆఁ అన్నా సాలు" అన్నది.

పదిహేను రోజులు పట్టింది. ఒకటే పెడలు, కుడి దిక్కు. ముందటికి తిప్పితే నడుస్తది, ఎనుకకు ఒత్తితే పాత మోపెడు బ్రేకు తీగ గుంజుకొని చెప్పు రబ్బరు చక్రానికి ఆనుతది, బండి ఆగుతది. ఇరుసుకు ఎడమ దిక్కు నట్టు మల్ల ఉల్టా మరదే పెట్టింది. ఆ బోల్టు బిగించేముందు ఆమె చేతికి ఇనుప రంపం వచ్చింది. సగం కోసి రంగు పూస్తే ఎవనికి తెలుస్తది? కాలువ వంతెన ఆడనే ఉన్నది. రెండు గీతలు గీసింది గూడ. ఇగ ఆగింది. జాలి కాదు. వాడు సస్తే ఒప్పుకునేదెవడు? గీత పడ్డ బోల్టును తుక్కుల పారేసి కొత్తది పెట్టింది.

అంగడి రోజు బండిని రోడ్డు దాటించి మోతీరాం దుకాణం ముందట నిలవెట్టింది. వినోద్‌కుమార్ తండ్రిని కుర్చీల కూసోవెట్టిండు. కూరగాయలకొచ్చినోళ్ళు మూగిండ్రు. గంగుబాయి కొంగు నడుముకు చెక్కి అడిగింది. "మోతీరామన్నా, ఆ ఫోటోల బండి నేను చేసిన్నా?"

"ఆఁ" అన్నడు మోతీరాం.

"నువ్వు విరగ్గొట్టినవా?"

"ఆఁ."

ఆమె జనం దిక్కు తిరిగింది. సరిగ్గ అప్పుడే పాల రత్తయ్య, మంచోడే గని నోరు ఆగదు, "ఏవండీ మోతీరాం గారూ, ఇయ్యాల వాన పడుద్దా?" అన్నడు.

"ఆఁ."

"నేను సర్పంచినవుతానా?"

"ఆఁ."

జనం పకపక నవ్విండ్రు. గదే నవ్వు. పదకొండేండ్ల కింద ఇదే జాగల విన్న నవ్వు. గంగుబాయికి కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, ఏడ్పుతోని కాదు, కోపంతోని. పానా తీసి మోతీరాం కుడి చేతుల కుక్కింది. "నోరు పోయింది గని చెయ్యి మిగిలింది గదా! ఇది గూడ గా నట్టే. చేసినోనికి ఎటు తిప్పాల్నో తెల్వాలె. ఇప్పు!"

మోతీరాం పానా నట్టుకు తొడిగిండు. కుడికి తిప్పిండు. నట్టు సులువుగ వదులైంది.

"చూసిండ్రా, ఉల్టా మర అని ఆయనకు తెలుసు. చేసింది ఆయనే" అన్నడెవడో. గంగుబాయి నెత్తి కొట్టుకున్నది. ఎంత పిచ్చిదాన్ని, విరగ్గొట్టినోనికి తెల్వకుంటదా ఎటు తిప్పితే విరిగిందో! తన చేతులతోనే వానికి గెలుపు అప్పజెప్పినట్టైంది. వాడు ఈడ పానా కింద పెట్టి ఊకుంటే అయిపోయింది, ఇగ ఈ జన్మల ఎవలూ ఆమెను నమ్మరు.

మోతీరాం పానా పెట్టలే. గోడ మీది ఫోటో దిక్కు చూసిండు. నట్టును మల్ల బిగించిండు. ఈసారి పానాను ఎడమకు గుంజిండు. బిగిసింది. ఇంకా గుంజిండు. మెడ నరాలు ఉబ్బినయి, వంకర మూతికెల్లి సొంగ కారింది, అయినా ఆ రోజు పైపు తొడిగి గుంజినట్టే గుంజిండు. వినోద్‌కుమార్ "నాయనా, విరుగుతది!" అని చెయ్యి పట్టుకున్నడు. అప్పుడు ఆగి, రోడ్డవతల ఏలాడుతున్న విరిగిన బోల్టును పానాతోని చూపెట్టిండు. అదే పానాతోని తన ఛాతీ మీద కొట్టుకున్నడు, రెండుసార్లు. ఫోటోను చూపెట్టి తల అడ్డంగ ఊపిండు. పానాను గంగుబాయి చేతుల పెట్టి, ఆ చేతిని పట్టుకొని బండి మీద ఆనిచ్చిండు.

ఎవలూ నవ్వలే. రత్తయ్య తలకు చుట్టిన తువ్వాల తీసిండు. "అమ్మా గంగుబాయీ, ఇన్నేళ్ళూ నీ మాట నమ్మలేదమ్మా మేము" అన్నడు.

గంగుబాయి చెయ్యి గుంజుకున్నది. వినోద్‌కుమార్ కండ్లు తుడుసుకుంట "అక్కా, నీకేం గావాలో అడుగు" అన్నడు.

"ఆ షీల్డు తే."

తెచ్చిండు. ఇత్తడి రేకు, మీద "ప్రథమ బహుమతి" అని అక్షరాలు, కింద మోతీరాం పేరు. గంగుబాయి దాన్ని రోడ్డు మీద పెట్టి రెండు బొక్కలు కొట్టింది. బండికి ఎడమ దిక్కు, జారిపోయే ఆ సచ్చుబడ్డ కాలు ఆనేకాడ, అక్షరాలు మీదికి కనవడేటట్టు బిగించింది. మోతీరాంను బండి ఎక్కించినంక, ఆయన కాలును తన చేతులతోనే లేపి ఆ పేరు మీద పెట్టింది.

"నువ్వన్న నడువు. మా ఆయన అయితే ఇగ నడువడు" అన్నది.

బండి చక్కగ నడిచింది, బ్రేకు పట్టింది. వారానికొకసారి నట్టు చూపించుకోవాల్నని వినోద్‌కుమార్‌కు చెప్పింది. ఆమె రోడ్డు దాటి వచ్చేసరికి ఎవలో సంబురంగ తాటిపత్రి కింద తీగ ఇప్పబోతుండ్రు, ఇగ ఆ బోల్టుతోని ఏం పనక్కా అని. గంగుబాయి ఆ చేతిని అవతలికి నెట్టింది. "ఉండనియ్యి. వారం వారం ఆయన ఈడికి రావాలె గదా, వచ్చినప్పుడల్లా నెత్తికి తాకాలె" అన్నది.