మిరుగం తర్వాత వేసిన వల

ఆ అర్జీ రాసింది నేనే. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే ఇక్కడ చాలామంది మీద నాకు కోపం ఉంది, ఆ కోపంలో నా వంతు తప్పును దాచేశానని ఎవరూ అనుకోకూడదు.

మా చెరువు హైదరాబాద్ అంచున, చందానగర్‌కూ నిజాంపేటకూ మధ్యలో ఉంది. మా పెద్దనాయన, అంటే మా నాయనకు అన్న, ఆ చెరువు మత్స్యకారుల సొసైటీకి అధ్యక్షుడు. సర్కారు కొన్నేళ్లకోసారి సొసైటీకి లీజు ఇస్తుంది. లీజు ఉంటే చెరువులో వల వేసే హక్కు ఉంటుంది. లేకపోతే పుట్టినప్పటి నుంచి మునిగి తేలిన నీళ్లలోనే మేం దొంగలం.

నేను వల పట్టలేదు. ఇంటర్ తప్పి, మాదాపూర్‌లో ఒక అద్దాల భవనంలో లిఫ్టులు చూసుకునే పనిలో చేరాను. పొద్దున షిఫ్టు అయిపోగానే చందానగర్ శాఖా గ్రంథాలయానికి వెళ్లేవాణ్ని. ఉద్యోగాల పరీక్షలకు చదివే వాళ్లంతా ఒక బల్ల దగ్గర కూర్చుంటే, నేను ఎవరూ ముట్టని అల్మారా దగ్గర కూర్చునేవాణ్ని. చట్టాల పుస్తకాలు, అర్థశాస్త్రం, చేపల పెంపకం, ఏది దొరికితే అది. అక్కడి లైబ్రేరియన్ కోస్తా నుంచి వచ్చినావిడ. "మళ్ళీ ఇదే పుస్తకమాండీ? ఇది ఏ పరీక్షకీ రాదండి," అని నవ్వేది. నాకు ఆ మాట బిరుదులా ఉండేది.

సముద్రంలో చేపల వేట మీద అక్కడ ఒక లావు పుస్తకం ఉండేది. చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో, ఎండాకాలం చివర, మర పడవలు సముద్రంలోకి పోకూడదని సర్కారే నిషేధం పెడుతుందని అందులో చదివాను. చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకంటే ఆ రోజుల్లో టోకు మార్కెట్టుకు సముద్రం చేప సరిగా రాదని మా పెద్దమ్మ ఏటా అంటుండేది. కారణం ఆమెకు తెలియదు. సముద్రం చేప రానప్పుడు మా చెరువు చేపకు గిరాకీ. మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజున, పట్నమంతా చేపలకు ఎగబడుతుంది కదా, ఆ అమ్మకం అయిపోగానే మా చెరువు మూసేస్తాం. వలలు కడిగి, ఆరబెట్టి, సొసైటీ రేకుల షెడ్డులో పెట్టి తాళం వేస్తాం. మళ్లీ దసరాకే తీస్తాం. అప్పటిదాకా పెద్దమ్మ వాళ్లు టోకు మార్కెట్టు నుంచి ఐసులో వచ్చే సముద్రం చేప తెచ్చి చందానగర్ బజారులో అమ్ముతారు. సముద్రం మూసినప్పుడు చెరువు, చెరువు మూసినప్పుడు సముద్రం. చట్టం లేకుండా, గజెట్ లేకుండా, మా వాళ్లు ఈ లెక్క ఎప్పుడో కుదుర్చుకున్నారు.

అర్థశాస్త్రం పుస్తకం మాత్రం వేరే మాట చెప్పింది. అందరిదీ అయిన దాన్ని అందరూ దోచుకుంటారు, ఒకడు ఆగితే పక్కవాడు పట్టుకుపోతాడు, అందుకని అది సర్కారు చేతిలోనైనా ఉండాలి, ఒక యజమాని చేతిలోనైనా ఉండాలి అని. ఆ పేజీ అంచున పెన్సిల్‌తో "అబద్ధం" అని రాశాను. గ్రంథాలయం పుస్తకంలో రాయకూడదని తెలిసే రాశాను.

లీజు గడువు తీరే ఏడాది తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉంది. అదే ఏడాది చెరువు చుట్టూ లేచిన అపార్టుమెంట్ల సంఘం వాళ్లు చెరువును సుందరీకరించాలని, నడక బాట, బోటింగు పెట్టాలని దరఖాస్తు పెట్టుకున్నారు. పెద్దనాయన నన్ను పిలిచి, "నువ్వు సదువుకున్నోనివి. జర మంచిగ రాయి బిడ్డా," అన్నాడు. మూడు రోజులు గ్రంథాలయంలో కూర్చుని నాలుగు పేజీలు రాశాను. అందులో ఈ వాక్యం ఉంది: 'సముద్రంలో ప్రభుత్వం వేట నిషేధం విధించినట్లే, మా సొసైటీ సభ్యులు స్వచ్ఛందంగా మృగశిర కార్తె నుండి దసరా వరకు చెరువులో ఎట్టి వేటా సాగించరు.' ఆ వాక్యం రాసినప్పుడు నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. చదివి వినిపిస్తే పెద్దనాయన కళ్లు తుడుచుకున్నాడు.

లీజు మళ్లీ ఇచ్చే ముందు మత్స్యశాఖ చేసే తనిఖీ వేసవిలో జరగాల్సింది. అప్పుడు వచ్చి ఉంటే చెరువు నిండా తెప్పలు, గట్టు నిండా వలలు కనిపించేవి. కానీ బంద్‌లు, ధర్నాలు, సహాయ నిరాకరణ. దఫ్తర్లు ఒకరోజు తెరిస్తే మూడు రోజులు మూత. నేను వాటికి వ్యతిరేకిని కాదు. జాతీయ రహదారి పక్కన వేసిన దీక్షా శిబిరంలో సెలవు పెట్టి మరీ కూర్చున్నాను. మన నీళ్లు మనకు కావాలని గొంతు పోయేలా అరిచాను. తనిఖీకి రావాల్సిన అధికారి కూడా అదే శిబిరంలో నా ముందు వరసలోనే కూర్చునేవాడు. అతనికి నేనే చాయ్ అందించాను.

ఆ అధికారి చివరికి ఆషాఢంలో వచ్చాడు. అపార్టుమెంట్ల సంఘం కార్యదర్శి నడిపే కారులో, పక్క సీట్లో కూర్చుని వచ్చాడు. గట్టు మీద నిలబడి చూస్తే నీళ్లు, తుంగ, కొంగలు తప్ప ఏమీ లేవు.

"ఏంది పెద్దమనిషి, తెప్పలేవి? వలలేవి?" అన్నాడు అధికారి.

"మిరుగం పోయింది గద సారూ. ఇగ వల ముట్టం. కొర్రమీను పిల్లలను ఎంబడేసుకొని తిరుగుతుంటది."

"గిదే గద మీ పిలగాడు రాసిండు." ఫైలులోంచి నా అర్జీ తీశాడు. నా వాక్యం కింద ఎర్ర గీత ఉంది. "ఏడాదిల నాలుగు నెలలు చెరువు వాడుతలేమని మీరే రాసిచ్చిన్రు. వాడనోళ్లకు లీజు ఎందుకు?"

నేను ముందుకొచ్చాను. సంచిలోంచి ఆ సముద్రం వేట పుస్తకం తీసి, పేజీ తెరిచి చూపించాను. "సర్, సముద్రంలో కూడా వేట ఆపుతారు. ఆపినందుకు వాళ్ల హక్కు పోదు కదా."

"సముద్రం హైదరాబాద్‌ల ఎక్కడుందయ్యా?"

కార్యదర్శి గట్టిగా నవ్వాడు.

"గా నిషేధం సర్కారు పెట్టింది, గజెట్‌ల అచ్చయితది. మీది ఎవరు పెట్టిన్రు?"

"మా తాత పెట్టిండు," అన్నాడు పెద్దనాయన.

"మీ తాత సంతకం ఉందా?"

ఈసారి ఇద్దరూ నవ్వారు. "మాకు వీళ్ల మీద ఏం కోపం లేదండీ," అన్నాడు కార్యదర్శి నాకేసి చూస్తూ. "వాడకుండా పడున్న నీళ్లే కదా. పిల్లలకి బోటింగ్ వస్తుంది, మీ వాళ్లకి కూడా వాచ్‌మన్ పనులొస్తాయి."

అధికారి పదిహేను రోజులు గడువిచ్చాడు. ఆలోగా వేట సాగుతున్నట్టు తన మనిషి ముందు చూపించాలి, ఫోటో దిగాలి, పంచనామా మీద సంతకాలు పెట్టాలి. లేకపోతే 'వినియోగంలో లేదు' అని రాసేస్తానన్నాడు.

నేను శిబిరానికి పరుగెత్తాను. నీళ్ల గురించి రోజూ ప్రసంగించే నాయకుడు నా మాట సగం విని, "గవన్నీ రాష్ట్రం వచ్చినంక చూద్దాం తమ్మీ," అన్నాడు. ఆయన వెనక శిబిరానికి రోజూ భోజనాలు పంపే రియల్ ఎస్టేట్ మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మా చెరువు శిఖంలో, అంటే నీళ్లు తగ్గితే తేలే చెరువు నేలలో, సగం ప్లాట్లు అతనివే. రాష్ట్రం కావాలని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ తప్పనుకోను. కానీ ఆ రోజు నినాదాలు మొదలయ్యేలోపే శిబిరంలోంచి ఇంటికి వచ్చేశాను.

ఇంట్లో పెద్దమ్మ నన్ను చూడగానే మొదలుపెట్టింది. "సదువుకున్నోనివని కలం ఇస్తే, మా గొంతు మీదికే తెస్తివి గదరా! ఎవడడిగిండు నిన్ను గా నాలుగు నెలల ముచ్చట?" పెద్దనాయన గోడకు ఆనుకుని కూర్చుని ఒక్కమాట అన్నాడు. "లీజు పోతే చెరువే ఉండదు. చెరువు లేకుంటే చేప యాడ పెడ్తది గుడ్లు?"

పద్నాలుగో రోజు షెడ్డు తాళం తీశాడు. సొసైటీ సభ్యులంతా గట్టు మీదికి వచ్చారు. తుంగ పక్కన నీళ్ల మీద ఎర్రగా కారం చల్లినట్టు కొర్రమీను పిల్లల గుంపు తేలుతోంది. వాటి కిందనే తల్లీ తండ్రీ కాపలా తిరుగుతుంటాయి, పైకి వచ్చి గాలి పీల్చుకుని మళ్లీ కిందికి పోతాయి. ఆ రెంటినీ పట్టేస్తే ఆ పిల్లలు పూట గడవకుండా కొంగల పాలు. ఇది మా ఇంట్లో అయిదేళ్ల పిల్లకు కూడా తెలుసు. పెద్దనాయన వల విసిరాడు. అన్ని వేల సార్లు విసిరిన చెయ్యి ఆ రోజు వంకరగా పోయింది. మళ్లీ విసిరాడు.

కొర్రమీన్లు పడ్డాయి. జెల్లలు పడ్డాయి, కడుపులు జనతో, అంటే గుడ్లతో, ఉబ్బి. అధికారి పంపిన మనిషి సెల్‌ఫోన్ పట్టుకుని, "జర పైకి లేపు తాతా. ఇటు సూడు, జర నవ్వు," అన్నాడు. పెద్దనాయన పైకి లేపాడు.

అపార్టుమెంటు కార్యదర్శి నడకకు వచ్చి ఆగాడు. చెరువు తమ సంఘానికి దక్కకుండా పోతున్నందుకు అతనికి బాధ ఉందో లేదో కానీ, బుట్టలోకి తొంగిచూసి, "జన ఉన్నవైతే మాకో రెండు ఇప్పించండి," అన్నాడు. పెద్దమ్మ బుట్ట మీద గోనెపట్టా కప్పింది.

కొత్త అర్జీ కూడా నేనే రాశాను. 'వేట సంవత్సరం పొడవునా నిరంతరాయంగా సాగుతున్నది' అని రాశాను. నా జీవితంలో ఇంత చక్కటి తెలుగులో ఇంత పచ్చి అబద్ధం ఎప్పుడూ రాయలేదు. లీజు వచ్చింది. నిజం రాసినప్పుడు రాని లీజు.

మరుసటి ఏడాది మిరుగం అమ్మకం అయిపోయింది. పెద్దనాయన వలలు కడిగించి షెడ్డులో పెట్టించాడు. వారం తిరగకుండానే సొసైటీలో వయసు పిల్లలు నలుగురైదుగురు షెడ్డు జోలికి పోకుండా కొత్త వలలు కొనుక్కొచ్చి చెరువులో దిగారు. పెద్దనాయనా నేనూ గట్టు మీదికి పరుగెత్తాం.

"ఏందిరా ఇది?" అని అరిచాడు పెద్దనాయన.

"నిరుడు నువ్వే ఏసినవు గద పెద్దయ్యా," అన్నాడొకడు నీళ్లలోంచి. "ఏయకుంటే లీజు పోతదని సర్కారే జెప్పింది."

"ఆగండిరా, కొర్రమీను పిల్లలున్నయి!" అని నేను గొంతు చించుకున్నాను.

"అర్జీ రాయన్నా!" అన్నాడు ఇంకొకడు. అందరూ పగలబడి నవ్వారు.

ఆ నవ్వుల మధ్యనే వెనక షెడ్డు తలుపు చప్పుడైంది. తిరిగి చూస్తే పెద్దనాయన తన వల భుజాన వేసుకుని, వాళ్లకంటే ముందు ఆ కొర్రమీన్లను పట్టుకోవాలని, తుంగ ఉన్న వైపు గబగబా నడుస్తున్నాడు.